చిల్లుల గిన్నె – గంజి – మన అన్నం

 

ఈసారి గోడపత్రికలో సైన్సు వ్యాసం వంతు తొమ్మిదో తరగతిది, అందులోనూ నాది. రాకెట్ల మీద, కంప్యూటర్ల మీద మన సీనియర్లు ఇదివరకే రాసేశారు. అందుచేత నేను మన వంటింట్లో మేకుకు వేలాడే చిల్లుల గిన్నె గురించి రాస్తున్నాను. ఇదేం టాపిక్కు అని నవ్వేవాళ్లు నవ్వొచ్చు. కానీ మన బియ్యంలో ఉన్నదానిలో కంచంలోకి వచ్చేదెంత, వెనక కాలవలోకి పోయేదెంత అని తేల్చేది ఆ చిల్లులే.

మన భాషలో ఈ పనికి ఒక్క మాట కాదు, బోలెడు మాటలు ఉన్నాయి. బియ్యాన్ని చాటలో వేసి చెరుగుతాం. పిండిని జల్లిస్తాం. రాళ్లుంటే నీళ్లలో గాలిస్తాం. అన్నం ఉడికాక గంజి వారుస్తాం. టీ వడకడతాం. కాగే నూనెలోంచి గారెల్ని చిల్లుల గరిటెతో దేవుతాం. శనగపిండి జారుగా కలిపి అదే గరిటె మీద పోసి బూందీ దూస్తాం. ఇంద్రకీలాద్రి మీద అమ్మవారి లడ్డూ ప్రసాదం కూడా అలా చిల్లుల్లోంచి జారిన బూందీయే కదా! చెరగడం, గాలించడం వేరుగానీ మిగతా వాటన్నిటికీ సూత్రం ఒకటే. చిల్లు కన్నా చిన్నది కిందికి పోతుంది, పెద్దది పైన ఉంటుంది. ఆరో తరగతిలో పదార్థాలను వేరుచేసే పద్ధతులు అని చదివింది ఇదే. ఆఖరికి లెక్కల్లో కూడా జల్లెడ ఉంది. ప్రధాన సంఖ్యలను ఏరే ఎరటోస్తనీస్ జల్లెడ అది, ఆయన 2200 ఏళ్ల కిందటి గ్రీకు పండితుడు.

మా నాయనమ్మ చిల్లుల గిన్నె అనదు, సిబ్బి అంటుంది. మా ఇంట్లో వాళ్లు వెదురు బద్దలతో తట్టలు, గంపలు, సిబ్బులు అల్లి సంతల్లో అమ్మేవాళ్లు. అన్నం కుండ దించి, మూతికి సిబ్బి అడ్డంపెట్టి, రెండు చేతులా గుడ్డతో పట్టుకుని వంచితే గంజి కిందికి, మెతుకులు కుండలోకి. పెళ్లిళ్లలో అయితే ఇంత సిబ్బి ఏం చాలుతుంది? పెద్ద వెదురు గంపల్లోకి అన్నం దేవి, గంజి ఓడ్చి, చాప మీద తెల్ల గుడ్డ పరిచి రాశిగా పోస్తారు. జపాను దేశంలో కూడా అచ్చంగా ఇలాంటి వెదురు పళ్లెం ఉందట, దాన్ని జారు అంటారు. మనకన్నా ఎంతో ముందు హరప్పా, మొహెంజొదారో వాళ్లు ఒళ్లంతా చిల్లులున్న మట్టి పాత్రలు చేశారు. దేనికి వాడారో పండితులు ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు. మా నాయనమ్మను అడిగితే ఒక్క క్షణంలో చెప్పేసేది.

ఇక విజయవాడ సంగతి. మా బాబాయి వన్ టౌన్‌లో హమాలీ పని చేస్తాడు. దసరా సెలవుల్లో నేను వాళ్లింటికి వెళ్లినప్పుడు, ఈ వ్యాసం కోసమని నన్ను సామాన్ల కొట్టుకు తీసుకెళ్లాడు. వన్ టౌన్ చూడనివాళ్ల కోసం చెబుతున్నాను. అది బెజవాడ పాత ఊరు, ఇంద్రకీలాద్రి కింద ఉంటుంది. సందులు ఇరుకు, బండ్లు ఎక్కువ. అక్కడి కాళేశ్వరరావు మార్కెట్టుకు ఆ పేరు అయ్యదేవర కాళేశ్వరరావు గారిది. ఆయన 1956లో ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ శాసనసభకు మొదటి స్పీకరు. జి.కె. పుస్తకంలో రాసుకోండి, క్విజ్‌లో అడుగుతారు.

కొట్లో నేలనుంచి కప్పుదాకా స్టీలు, సత్తు, ఇత్తడి సామాను. కొట్టు ఆయన ముందు నన్ను పట్టించుకోలేదు. "స్కూలు పత్రికకి రాస్తదంటండీ, కొద్దిగా చూపించండి" అని మా బాబాయి చెప్పాక ఒక్కొక్కటీ కిందికి దించాడు. టీ వడకట్టే జాలీ, పిండి జల్లెడ, రవ్వ జల్లెడ, గారెలు దేవే గరిటె, బూందీ గరిటె, కూరలు కడిగే చిల్లుల బేసిను, హోటళ్లవాళ్లు కొనే పెద్ద చిల్లుల గంగాళం. చివరికి పై అటక మీంచి దుమ్ము దులిపి ఒక ఇత్తడి సిబ్బి తీశాడు. "ఇది ఇప్పుడెవరు కొంటున్నారమ్మా? అందరికీ కుక్కర్లొచ్చినయ్. వార్చేవాళ్లు హోటళ్లవాళ్లు, హాస్టళ్లవాళ్లు, అంతే" అన్నాడు. హాస్టళ్లవాళ్లు అన్న మాట నాకు అక్కడే చెవిలో పడిపోయింది.

ఆయన చెప్పిన ఇంకో సంగతి కూడా రాయాలి. చిల్లుల గిన్నె కొనేటప్పుడు మెరుపు చూడకూడదట. లోపలివైపు వేలితో తడమాలి. చిల్లు పొడిచినచోట అంచు గరుకుగా ఉంటే చెయ్యి కోస్తుంది, పీచు పట్టుకుంటుంది, కడిగినా పోదు. చెవులు రివిట్టు కొట్టి ఉండాలి. ఉత్త అతుకు అయితే వేడి అన్నం బరువుకు ఊడి కాళ్ల మీద పడుతుంది. చింతపండు పులుసు, టమాటా లాంటి పులుపు సత్తు గిన్నెలో ఉంచరాదు, స్టీలే మంచిది.

హాస్టలుకు తిరిగొచ్చాక మన చిల్లుల బేసినును జామెట్రీ బాక్సులోని స్కేలుతో కొలిచాను. అడుగు భాగం అడ్డుకొలత 30 సెంటీమీటర్లు. ఒక్కో చిల్లు 4 మిల్లీమీటర్లు. వరసలు లెక్కపెడితే సుమారు 500 చిల్లులు వచ్చాయి. ఒక చిల్లు వైశాల్యం 3.14 × 2 × 2, అంటే 12.56 చదరపు మిల్లీమీటర్లు. 500 చిల్లులకు 6280, అంటే 62.8 చదరపు సెంటీమీటర్లు. అడుగు మొత్తం 706.5 చదరపు సెంటీమీటర్లు. కాబట్టి నూటికి తొమ్మిది పాళ్లే దారి, మిగతా తొంభై ఒకటీ రేకే! అందుకే ఒక్కసారిగా గుమ్మరిస్తే నీళ్లు దిగక గిన్నె నిండి పొర్లుతుంది. చిల్లు అడ్డుకొలత సగం చేస్తే వైశాల్యం నాలుగో వంతు అయిపోతుంది, కాబట్టి 2 మిల్లీమీటర్ల చిల్లులైతే అదే దారికి 2000 పొడవాలి. లెక్కల మాస్టారూ, ఇది సరిగానే ఉందాండీ?

ఇప్పుడు మన బియ్యం చూద్దాం. కృష్ణా డెల్టాలో బాగా పండే సన్న రకం బి.పి.టి. 5204, అదే సాంబ మసూరి. బాపట్ల పరిశోధనా స్థానంలో పుట్టి 1986లో విడుదలయింది. దాని గింజ లావు రెండు మిల్లీమీటర్లకు మించదు. అందుచేత మన 4 మిల్లీమీటర్ల బేసినులో బియ్యం కడగరాదు, సగం బియ్యం తొట్టిలో ఉంటాయి. కానీ ఉడికిన అన్నం అందులో బాగానే వార్చవచ్చు. మొదట పది మెతుకులు జారతాయి, తర్వాత మెతుకులు ఒకదానికొకటి అడ్డుపడి అవే జల్లెడ అయిపోతాయి. నేను పక్కన కూర్చుని చూశాను.

ఆకుకూర కడగడంలో ఒక కిటుకు ఉంది. చాలామంది తొట్టిలో తోటకూర ముంచి, నీళ్లతో సహా చిల్లుల గిన్నెలోకి వంపేస్తారు. అప్పుడు అడుగున దిగిన మట్టి మళ్లీ ఆకు మీదే పడుతుంది. అలా కాదు. ఆకును చేత్తో పైకి ఎత్తి గిన్నెలో వెయ్యాలి, మట్టినీళ్లు తొట్టిలోనే మిగలాలి. ఇలా రెండు మూడుసార్లు. కడిగిన తర్వాతే తరగాలి, తరిగి కడిగితే సత్తువ నీళ్లపాలు. ఆకుకూరల్లోని ఫోలిక్ ఆమ్లం కూడా నీళ్లలో కరిగేదే. దాన్ని ప్రయోగశాలలో తయారుచేసే దారి 1945లో కనిపెట్టిన బృందానికి పెద్ద మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు.

పెసలు మొలకెత్తించడానికి కూడా ఇదే గిన్నె. రాత్రంతా నానిన పెసలను ఇందులో ఓడ్చి, తడిగుడ్డ కప్పి ఉంచితే మరుసటి రోజుకు తోకలు వస్తాయి. నీళ్లు నిలవవు కాబట్టి కుళ్లవు. మరిగే నీళ్ల గిన్నె మీద దీన్నే కూర్చోబెట్టి మూతపెడితే చిలగడదుంపలు ఆవిరికి ఉడుకుతాయి.

సరే, అసలు విషయం గంజి.

మనకు వంద సంవత్సరాల కిందటి ఒక జబ్బు కథ తెలియాలి. దాని పేరు బెరిబెరి. కాళ్లు తిమ్మిరెక్కుతాయి, నడక పోతుంది, కొందరికి ఒళ్లు వాస్తుంది, గుండె ఆగి చనిపోతారు. గంజాం నుంచి గుంటూరు దాకా ఉన్న మన కోస్తాను అప్పట్లో ఉత్తర సర్కారులు అనేవారు. ఈ ప్రాంతంలో ఆ జబ్బు ఎక్కువ అని మాల్కమ్‌సన్ అనే వైద్యుడు 1835లోనే మద్రాసులో పుస్తకం అచ్చువేశాడు. కారణం మాత్రం ఎవరికీ తెలియదు. 1890ల్లో జావా దీవిలో ఐక్‌మన్ అనే డచ్చి డాక్టరు, ఆస్పత్రిలో వండిన తెల్లన్నం తిన్న కోళ్లకు కాళ్లు పడిపోవడం, తవుడు పోని బియ్యం పెడితే లేచి తిరగడం చూశాడు. ఆ పనికి 1929లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. తవుడులో ఉన్న ఆ పదార్థమే థయామిన్, అంటే విటమిన్ బి1.

మన దేశంలో దీని మీద పరిశోధనకు 1918లో కూనూరులో ఒక్క గదిలో ఒక చిన్న విభాగం పెట్టారు, దాని పేరే బెరిబెరి విచారణ విభాగం. పెట్టినాయన మెక్‌కారిసన్. ఆయన తర్వాత వచ్చిన ఐక్రాయిడ్, ఆయన తోటివాళ్లు 1940లో బియ్యం సమస్య మీద పెద్ద నివేదిక రాశారు. వాళ్లు గమనించిన సంగతి మన తెలుగువాళ్లకు ముఖ్యం. దక్షిణాన తమిళ జిల్లాల్లో తినేది ఉప్పుడు బియ్యం. వడ్లను ఉడకబెట్టి ఎండబెట్టేటప్పుడు తవుడులోని విటమిను గింజ లోపలికి దిగిపోతుంది, తర్వాత మర పట్టినా కొంత మిగులుతుంది. మన సర్కారు జిల్లాల్లో తినేది పచ్చి వడ్లను మర పట్టిన తెల్ల బియ్యం. తవుడుతోపాటు విటమినూ పోయింది. మిగిలిన కాస్తా కడుగు నీళ్లలో కొంత, గంజిలో కొంత పోయింది. ఆ కూనూరు విభాగమే పెరిగి పెద్దదై 1958లో హైదరాబాదుకు వచ్చింది, 1969లో జాతీయ పోషకాహార సంస్థ అయింది. అంత పెద్ద సంస్థ మన గంజి కథతోనే మొదలైందన్నమాట!

డెల్టాకు ఆనకట్ట 1855లో పూర్తయింది, పంటకు లోటు లేదు. ఆ తర్వాత రైసు మిల్లులు వచ్చాయి, రోకటి దంపుడు పోయింది. తెల్లగా ఉన్న అన్నమే గొప్ప అన్నం అనుకున్నాం. ఇప్పటికీ అనుకుంటున్నాం. దంపుడు బియ్యం పెడితే మనలో ఎంతమంది ముఖం చిట్లిస్తారో నాకు తెలుసు.

ఇవాళ మన హాస్టల్లో బెరిబెరి లేదు, ఎవరూ భయపడక్కర్లేదు. పప్పు, గుడ్డు, వేరుశనగ తింటున్నాం, వాటిలో బి1 ఉంది. కానీ ఉన్నదాన్ని పారబోయడం ఎందుకు? ఒక ఆదివారం నేను కొలిచాను. పది కిలోల బియ్యం వార్చితే పదిహేను లీటర్ల బకెట్టు నిండింది. అంతా కాలవలోకే. ఇంకో మాట, పప్పు తొందరగా ఉడకాలని వంటసోడా వేస్తే బి1 ఇంకా పాడవుతుంది.

వార్చడం అంతటా చెడ్డదని కూడా అనలేము. పశ్చిమ బెంగాల్, బంగ్లాదేశ్‌లలో కొన్నిచోట్ల బోరునీళ్లలో ఆర్సెనిక్ అనే విషం ఉంది, అది బియ్యంలోకి వస్తుంది. మంచినీళ్లు ఎక్కువ పోసి వార్చితే అందులో కొంత పోతుందని శాస్త్రజ్ఞులు చెప్తున్నారు. ఎక్కడి నీళ్లను బట్టి అక్కడి వంట.

వార్చకుండా వండడానికి మనకు మంచి తెలుగు మాట ఉంది, అత్తెసరు. సరిపడా నీళ్లే పోసి, ఇగిరిపోయేదాకా ఉడికించడం. అత్తెసరు మార్కులు అని మాస్టార్లు తిడతారే, అది ఇక్కడిదే. నీళ్లు సరిగ్గా సరిపోయినట్టు మార్కులు కూడా పాసుకు సరిగ్గా సరిపోయాయని. అన్నంలో మాత్రం అత్తెసరే ఫస్టు క్లాసు.

ఈ సంగతి మన పెద్ద వంటక్కతో చెప్పాను. ఆవిడ గరిటె ఆపకుండానే అంది: "పాపా, మీ ఇంట్లో అరకిలో అత్తెసరు పెట్టడం వేరు. ఇక్కడ ముప్పై కిలోలు ఒక్క డేగిసాలో అత్తెసరు పెడితే అడుగు మాడుద్ది, పైన పలుకుగా ఉంటది. అప్పుడు అన్నం బాగాలేదని కంచాలు మోగించేది మీరే." నిజమే. పుస్తకంలో ఈ మాట లేదు. పెద్ద పాత్రలో వేడి సమంగా అందదు, కలపబోతే మెతుకు విరిగి ముద్దవుతుంది. అందుకే హాస్టళ్లలో వారుస్తారు, బద్ధకం వల్ల కాదు. ఆ డేగిసా వంచేటప్పుడు ఆవిరి ముఖాన కొడుతుంటే వంటక్క, కామాటి అక్క ఎలా నిలబడతారో మనం ఎప్పుడైనా చూశామా? నేను చూశాక నాకు తోచింది రాస్తున్నాను. డేగిసాను వంచడం మానేసి, పెద్ద చిల్లుల గరిటెతో అన్నం దేవి చిల్లుల గంగాళంలో వేసుకుంటే అంత బరువు ఎత్తే పని లేదు. గంగాళం కింద శుభ్రమైన పాత్ర పెడితే గంజి దానంతటదే అందులో చేరుతుంది. నేల తడిగా ఉండరాదు, మనం ఎవరం కంచం పట్టుకుని అటువైపు పోరాదు. ఒకవేళ ఎవరికైనా కాలితే వెంటనే చల్లని నీళ్లు ఇరవై నిమిషాలు ధారగా పోయాలి. పేస్టు, ఇంకు, పసుపు పూయవద్దు. తర్వాత ఆస్పత్రికి.

పట్టిన గంజిని ఏం చేయాలి? సాయంత్రం దాకా ఉంచితే చెడిపోతుంది కాబట్టి ఆ పూటే వాడాలి. పప్పుచారులో నీళ్లకు బదులు గంజి పోయవచ్చు, చారు చిక్కగా వస్తుంది. ఉప్పు, మజ్జిగ కలిపి గ్లాసుల్లో ఇవ్వవచ్చు. పూర్వం కోస్తా ఇళ్లలో తరవాణి కుండ ఉండేది. గంజి పులియబెట్టి, అన్నం అందులో నానవేసి పొద్దున్నే తాగేవారు. మన ఇళ్లలో పెద్దవాళ్లు ఇప్పటికీ గంజి తాగి పొలం వెళ్తారు. హాస్టలుకు వచ్చాక అది పేదవాళ్ల తిండి అని దాచుకుంటున్నాం. నేనైతే దాచుకోను. మిగిలితే యూనిఫారాలకు గంజి పెట్టుకోవచ్చు, ఇస్త్రీ నిలుస్తుంది.

కడగడం గురించి ఒక ముఖ్యమైన మాట మర్చిపోకూడదు. 2021 ఆగస్టు 15న ప్రధానమంత్రి ప్రకటించిన తర్వాత రేషను బియ్యంలో, బడి భోజనం బియ్యంలో బలం కలిపిన గింజలు వచ్చాయి. బియ్యప్పిండిలో ఇనుము, ఫోలిక్ ఆమ్లం, బి12 కలిపి గింజలాగా మరలో ఒత్తుతారు, నూరు కిలోలకు ఒక కిలో కలుపుతారు. అవి కొంచెం తేలికగా ఉండి నీళ్లలో తేలుతాయి, రంగు కూడా కాస్త తేడా. అది చూసి ప్లాస్టిక్ బియ్యం అని ఊళ్లలో పుకారు పుట్టింది, మనలో కొందరు కూడా ఏరి పారేశారు. అది ప్లాస్టిక్ కాదు. అలాంటి గింజలు కనబడితే పైన తేలినవాటిని దేవి పారబోయకండి. సికిల్ సెల్, తలసీమియా ఉన్న పిల్లలు మాత్రం డాక్టరుగారు చెప్పినట్టు నడుచుకోవాలి. ఇక బియ్యాన్ని చేత్తో పిసికి నాలుగైదు సార్లు కడగడం అనవసరం. రాళ్లు, పురుగులు పోయేలా చెరిగి, గాలించి, రెండుసార్లు కడిగితే చాలు.

గిన్నె సంరక్షణ: వాడిన వెంటనే వెనకవైపు నుంచి నీళ్లు కొట్టాలి, చిల్లుల్లో ఇరికిన మెతుకు లోపలికి ఊడిపడుతుంది. ఎండితే సూది పెట్టినా రాదు. పచ్చి కోడిమాంసం కడిగిన గిన్నెలో సబ్బు పెట్టి తోమకుండా అన్నం వార్చరాదు. బోర్లించి ఎండలో ఆరబెట్టాలి.

వార్డెన్ గారికి ఒక విన్నపం. ముప్పై కిలోలకూ కాకపోయినా, ఒక ఆదివారం ఐదు కిలోలు చిన్న డేగిసాలో అత్తెసరు పెట్టి చూద్దామండీ. వంటక్క ఒప్పుకుంది, నేను పక్కన ఉండి సాయం చేస్తాను. గిన్నెతో కొలిచి బియ్యం ఒకటికి నీళ్లు రెండు, కొత్త బియ్యం అయితే కాస్త తక్కువ. అరగంట నానబెట్టి, ఆ నీళ్లు పారబోయకుండా అందులోనే ఉడికించాలి. నీళ్లు బియ్యం మట్టానికి దిగగానే మంట బాగా తగ్గించి, పళ్లెం మూతపెట్టి, పైన బరువు ఉంచాలి. అడుగు మాడిందా, పలుకుందా అని చూడటానికి ఎనిమిదో తరగతి నుంచి ఇద్దరు, పదో తరగతి నుంచి ఇద్దరు కావాలి. రుచి చెప్పేవాళ్లు ముందు గంజి కూడా ఒక గ్లాసు తాగాలి. పేర్లు ఈ కాగితం కింద పెన్సిలుతో రాయండి.